నాదోపాసకుడు జాన్ కోల్ట్రేన్

భద్రగిరి నీడలో నివసించువారికి నాదోపాసన యన నేమో వేరుగ చెప్పనక్కరలేదు. నేలకొండపల్లిలో పుట్టి, పాల్వంచ పరగణాకు తహసీలుదారై, రామచంద్రునకు కోవెల కట్టించి, ఆ కారణముననే గోలకొండ చెరసాల పాలైన కంచర్ల గోపన్న కథ ఈ ప్రాంతమున పసిబిడ్డలకును తెలిసినదే. దేహము చెరలో నుండగా అతనిని నిలిపినది పాట. ఇట్టి కథలు ఒక్క మన దేశమునకే పరిమితములు కావు. ఇంచుమించు మూడువందల యేండ్ల తరువాత, సముద్రముల కావల, అమెరికా దేశమున నొక వాద్యకారుడు వేరొక విధమగు చెరలో చిక్కి, తన వాద్యమునే ఆధారముగ గొని దానినుండి వెలువడెను. ఆ చెర రాళ్లతో కట్టినది కాదు. మత్తుమందుతో తనకు తానే కట్టుకొన్నది. అతని పేరు జాన్ విలియం కోల్ట్రేన్. సాక్సోఫోను వాయించుటలో ఇరువదవ శతాబ్దమున అతనితో సాటిరాగలవారు మిక్కిలి కొలదిమంది. చెర వీడిన కొలది నెలలకే, 1957లో, అతడు వాయించిన ‘బ్లూ ట్రేన్’ అను రికార్డు జాజ్ సంగీతాభిమానులు నేటికిని ఆదరముతో వినుచున్న వానిలో నొకటి. నీలి రైలుబండి యని దాని కర్థము చెప్పుకొనవచ్చును.

సాక్సోఫోను అను పేరు కొందరికి క్రొత్తగా తోచవచ్చును. పట్టణములనుండి పెండ్లి ఊరేగింపులకు వచ్చు కొన్ని బ్యాండు మేళములలో క్లారినెట్టు ప్రక్కన, వంగిన మెడతో, పైకి తెరచిన నోటితో మెరయుచుండు ఇత్తడి వాద్యమే యది. బెల్జియము దేశీయుడైన అడాల్ఫ్ సాక్స్ దీనిని కనిపెట్టి 1846లో పారిస్ నగరమున పేటెంటు హక్కు పొందెను. దేహము ఇత్తడిదైనను, నాదము పుట్టునది మాత్రము వాద్యము మూతి దగ్గర బిగించిన రెల్లుబద్ద కంపించుటవలన. కావున నది కొమ్ముబూరలకంటె మన సన్నాయికి దగ్గరి చుట్టము. మంగుళూరు ప్రాంతమువాడైన కద్రి గోపాలనాథ్ (1949–2019) ఈ వాద్యముపై కర్ణాటక కృతులను వాయించి, దక్షిణదేశపు సంగీత సభలలో దీనికొక గౌరవస్థానము సంపాదించి పెట్టెను.

కోల్ట్రేన్ 1926 సెప్టెంబరు 23వ తేదీన ఉత్తర కరొలైనా రాష్ట్రమున హామ్లెట్ అను చిన్న పట్టణమునందు జన్మించెను. మనకు డోర్నకల్లు ఎట్టిదో ఆ ప్రాంతమునకు హామ్లెట్ అట్టిది. అనేక రైలుమార్గములు కలియు జంక్షను. తండ్రి దర్జీపని చేయుచు, తీరిక వేళల వాయులీనము మున్నగు తంత్రీవాద్యములు వాయించెడివాడు. తల్లి ఆలిస్ సంగీతజ్ఞానము గలది. మాతామహుడు విలియం బ్లెయిర్ క్రైస్తవ మతబోధకుడు, నల్లజాతివారిలో పేరుపడిన పెద్ద. బాలుడు పుట్టిన కొలదికాలమునకే కుటుంబము హై పాయింట్ అను పట్టణమునకు తరలి, మాతామహుని యింట స్థిరపడెను. ఆ కాలమున ఆ రాష్ట్రములలో నల్లవారి పిల్లలకు తెల్లవారి పిల్లలతో కలిసి చదువుకొను భాగ్యము లేదు. బడులు వేరు, రైలుపెట్టెలు వేరు, కూర్చుండు బల్లలు వేరు. మన పల్లెలలో అంటరానితనమను పేర సాగిన దురాచారమును ఎరిగినవారికి దీనిని వివరింపనక్కరలేదు.

అతనికి పండ్రెండేండ్లు వచ్చు సమయమున ఆ యింటిపై పిడుగు పడినది. 1938, 1939 సంవత్సరముల సంధికాలమున, కొలది నెలలలోనే, తాత, అమ్మమ్మ, తండ్రి ఒకరి వెనుక నొకరు కన్నుమూసిరి. తల్లి ఇతరుల కొలువులలో పనిచేసి సంసారము నీడ్వవలసి వచ్చెను. సరిగా ఆ దినములలోనే ఆ యూరి మతబోధకు డొకడు బాలురకొక బ్యాండు మేళమును ఏర్పాటు చేసెను. కోల్ట్రేన్ అందు చేరి క్లారినెట్టు నేర్చి, పిదప సాక్సోఫోను చేతబట్టెను. మాటలలో చెప్పుకొనలేని దుఃఖమును ఆ పసివాడు ఊపిరిగా మార్చి వాద్యములో పోయ మొదలిడెను. అంతవరకు బడిలో చురుకైన విద్యార్థియని పేరుగన్నవానికి అటుపిమ్మట పాఠములకంటె సాధనయే ముఖ్యమయ్యెను.

1943లో పాఠశాల చదువు ముగించుకొని, పని వెదకుకొనుచు ఉత్తరమున నున్న ఫిలడెల్ఫియా నగరము చేరెను. పగలు చక్కెర కర్మాగారమున కూలిపని. మిగిలిన కాలమున సంగీత పాఠశాలలో అభ్యాసము. తల్లి తన కష్టార్జితముతో అతనికొక సాక్సోఫోను కొనిపెట్టినది. ఆ నగరమున ఎల్లవారికిని ప్రవేశముగల ఉచిత గ్రంథాలయ మొకటి కలదు. కొంతకాలము తరువాత కోల్ట్రేన్ తన మిత్రుడు జిమ్మీ హీత్‌తో కూడ అచటికి పోయి, చెవులకు శ్రవణయంత్రములు తగిలించుకొని, స్ట్రావిన్‌స్కీ వంటి యూరపు సంగీతకారుల రికార్డులను వినుచుండెను. సభలకు పోవుటకు డబ్బులేని యువకులకు ఆ గ్రంథాలయమే సంగీత సభ యైనది. గ్రంథపఠనమునందలి ఆసక్తి అతనిని తుదివరకు విడువలేదు. స్లొనిమ్‌స్కీ అను పండితుడు వేలకొలది స్వరమాలికలను కూర్చి 1947లో ప్రచురించిన బృహద్గ్రంథమును అతడు నిత్యపాఠముగ పెట్టుకొనెను. మన మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి రచనలు అతడు చదివినవానిలో నున్నవి.

1945 జూను 5వ తేదీన ఫిలడెల్ఫియాలో చార్లీ పార్కర్ వాదనమును అతడు మొదటిసారి వినెను. జాజ్ అనునది నల్లజాతివారి శ్రమగీతములనుండి, ప్రార్థనాగీతములనుండి, బ్యాండు మేళములనుండి ఇరువదవ శతాబ్దారంభమున న్యూ ఆర్లియన్స్ మున్నగు నగరములలో రూపొందిన సంగీతము. 1940 తరువాత పార్కర్, డిజ్జీ గిలెస్పీ మున్నగు యువకులు దానిని నృత్యశాలలనుండి తప్పించి, కూర్చుండి వినదగిన విద్యగా మార్చిరి. ఈ పద్ధతికి బీబాప్ అని, క్లుప్తముగ బాప్ అని పేరు. మొదట నొక పాటను వాయింతురు. పిమ్మట ఆ పాటకు ఆధారమైన స్వరసమూహముల వరుసను మాత్రము నిలుపుకొని, అదే ఆవర్తములో ఒక్కొక్కరు అప్పటికప్పుడు క్రొత్త స్వరములను కల్పించి వినిపింతురు. కృతి పాడుచు మన విద్వాంసులు చేయు స్వరకల్పన వంటిదే యిది. కాని మన రాగమున ఆధారశ్రుతి స్థిరము. బాప్‌లో ఆధారమే క్షణక్షణము మారుచుండును, వేగమును మిక్కుటము. పార్కర్ వాదనము విన్న దినమున కోల్ట్రేన్‌కు తన గమ్యము కనబడెను.

ఒక సంవత్సరము నౌకాదళమున పనిచేసి, హవాయి ద్వీపములందు అచటి మేళములో వాయించి, 1946లో తిరిగివచ్చెను. సైనికులకు ప్రభుత్వ మొసగిన విద్యావేతనముతో మరల సంగీత పాఠశాలలో చేరెను. పెక్కు మేళములలో కూలికి వాయించెను; గిలెస్పీ మేళములోను చోటు దొరకెను. చిన్నదియగు ఆల్టో సాక్సోఫోనును విడిచి, గంభీరనాదముగల టెనార్ సాక్సోఫోనును స్వీకరించెను. కాని యీ సంవత్సరములలోనే అతడు హెరాయిను అను మత్తుమందునకును, మద్యమునకును దాసుడయ్యెను. ఆనాటి బాప్ వాద్యకారులలో పలువురకు ఈ జాడ్యము సోకినది. పార్కర్ స్వయముగ దానికి బానిస; అతని ప్రతిభ అందరాక, అతని వ్యసనమును మాత్రము అనుకరించినవారు పెక్కురు. 1955లో పార్కర్ ముప్పదినాలుగేండ్లకే మరణించెను. అది చూచియు కనువిప్పు కలుగని వారిలో కోల్ట్రేన్ ఒకడు.

ఆ 1955లోనే బాకా వాద్యమున ప్రఖ్యాతుడైన మైల్స్ డేవిస్ అతనిని తన మేళములో చేర్చుకొనెను. అదే యేట నైమా యను నామె నతడు వివాహమాడెను. పేరు వచ్చినది, పని దొరకినది, ఇల్లు ఏర్పడినది. కాని వ్యసనము విడువలేదు. వేదికపై మగతగా నిలుచుట, మాసిన దుస్తులతో వచ్చుట, వేళకు రాకుండుట సామాన్యమయ్యెను. డేవిస్ తాను పూర్వము ఆ మత్తునుండి బయటపడినవాడే. ఎన్నో మారులు హెచ్చరించి, తుదకు 1957 వసంతమున అతనిని మేళమునుండి తొలగించెను. ముప్పదియేండ్ల వయస్సున, విద్య యంతయు చేతిలో నుండగా, కోల్ట్రేన్ వీధిని పడెను.

అతడు ఫిలడెల్ఫియాలో తల్లి యింటికి తిరిగివచ్చి, ఒక గదిలో ప్రవేశించి, మత్తుమందును ఒక్క పెట్టున మానివేయ నిశ్చయించుకొనెను. హెరాయినునకు అలవాటుపడిన దేహము అది లేనిదే వణకును, వాంతులు చేసికొనును, కండరములు పట్టివేయును, నిదుర యుండదు. తల్లియు భార్యయు కనిపెట్టుకొని యుండగా, దినముల తరబడి నీటితోనే కాలము గడపుచు, అతడు ఆ నరకమును దాటెనని అతని చరిత్ర వ్రాసినవారు తెలుపుదురు. మద్యమును గూడ విడిచెను. ఆ సంవత్సరమున దైవానుగ్రహమువలన తనకు ఆత్మప్రబోధము కలిగినదని, ఇతరులను సంగీతముతో ఆనందింపజేయు భాగ్యమును నాడు వేడుకొంటినని అతడు తరువాతి కాలమున తన రికార్డు అట్టపై ముద్రించిన లేఖలో తెలిపియున్నాడు.

ఆ వేసవిలో న్యూయార్కు నగరమున పియానో విద్వాంసుడు థెలోనియస్ మంక్ అతనిని చేరదీసెను. మంక్ రచనలు వక్రమార్గములు గలవి. వానిని చేయిపట్టి నడిపించినట్లు నేర్పెను. ఫైవ్ స్పాట్ అను చిన్న కాఫీశాలలో రాత్రి వెంట రాత్రి వీరిరువురి వాదనమును వినుటకు జనము క్రిక్కిరిసిరి. కోల్ట్రేన్ అప్పుడు ప్రెస్టీజ్ అను కంపెనీతో ఒడంబడికలో నున్నాడు. అయినను అంతకుముందు బ్లూ నోట్ కంపెనీ అధిపతి ఆల్ఫ్రెడ్ లయన్‌కు ఒక రికార్డు ఇత్తునని మాట యిచ్చియుండెను. ఆ మాట నిలబెట్టుకొనుటకై 1957 సెప్టెంబరు 15వ తేదీ ఆదివారమున అతడు న్యూ జెర్సీ రాష్ట్రమున హాకెన్‌సాక్ పట్టణమునకు పోయెను. అచట రూడీ వాన్ గెల్డర్ అను కంటి అద్దముల నిపుణుడు తన తలిదండ్రుల యింటి ముందుగదినే ధ్వనిముద్రణశాలగా మార్చియుండెను. జాజ్ చరిత్రలో ఉత్తమములైన రికార్డులలో పెక్కు ఆ ముందుగదిలో పుట్టినవే.

ఆనాడు కూడినవారు ఆర్గురు. కోల్ట్రేన్ సాక్సోఫోను, పందొమ్మిదేండ్ల లీ మోర్గన్ బాకా, కర్టిస్ ఫుల్లర్ ట్రాంబోను, కెన్నీ డ్రూ పియానో, పాల్ చాంబర్స్ మంద్రస్వరపు పెద్ద వాయులీనము, ఫిల్లీ జో జోన్స్ తాళవాద్యములు. బ్లూ నోట్ వారు ముద్రణకు ముందు సాధనకు గూడ వేతనమిచ్చెడివారు. ఆనాడు పెక్కు కంపెనీలకు లేని అలవాటిది. అందుచే ఈ రికార్డున తొందరపాటు కనబడదు. ఇందు ఐదు రచనలు గలవు. నాలుగు కోల్ట్రేన్ స్వయముగ కూర్చినవి, ఒకటి పాతపాట.

మొదటి రచన పేరే రికార్డునకును వచ్చినది. తోటివారు కోల్ట్రేన్‌ను ముద్దుగా ట్రేన్ అని పిలిచెడివారు. ఆ మాట రైలుబండికి గల ఆంగ్లపదమును స్ఫురింపజేయును. బ్లూ అను మాటకు నీలవర్ణమేగాక విచారమనియు అర్థము. బ్లూస్ అనునది బానిసలుగా తేబడినవారి సంతతి చేలలోను, రైలుపట్టాల పనులలోను పాడుకొన్న బాధల పాట. పండ్రెండు భాగముల ఆవర్తముగా అది తిరిగి తిరిగి వచ్చును. నాట్లువేయు స్త్రీలు ఒకే వరుసను మరల మరల ఎత్తుకొనుచు, ప్రతిమారును క్రొత్త చరణము చేర్చునట్లే ఇదియు. ఈ రచనలో ముందుగా మూడు ఊదువాద్యములు కలిసి గంభీరముగ నొక పిలుపు వినిపించును; పియానో దానికి బదులు చెప్పును. ఆపై కోల్ట్రేన్ ఒంటరిగా బయలుదేరును. మొదట నిదానముగ, పిమ్మట స్టేషను దాటిన బండివలె వేగము పుంజుకొనుచు, ఆవర్తము వెంట ఆవర్తముగ స్వరములను కుమ్మరించును. తరువాత తక్కిన వారికి వంతు వచ్చును. తుదకు ఆ పిలుపే మరల వినబడి, ఇంచుమించు పదకొండు నిమిషములకు రచన ముగియును. అందు తడబాటు లేదు, మగత లేదు. అయిదు నెలలకు ముందు వేదికపై కునికిపాట్లు పడి వెడలగొట్టబడిన మనుష్యుడే ఇతడని వినువారికి నమ్మశక్యము కాదు.

1958లో డేవిస్ అతనిని సగౌరవముగ తిరిగి పిలిచెను. అటుపిమ్మట కోల్ట్రేన్ సాధన ఒక తపస్సుగా మారినది. కచేరీల నడుమ విరామవేళను గూడ అతడు లోపలి గదిలో వాయించుచునే యుండెను. ఇరుగుపొరుగు నిద్రించు వేళ ఊదక వ్రేళ్లు మాత్రము కదపుచు సాధన చేసెడివాడని తోటివారు చెప్పియున్నారు. 1959లో ముద్రితమైన ‘జెయింట్ స్టెప్స్’ అను రచనలో ఆధారశ్రుతి మూడు స్థానముల నడుమ మెరుపువలె మారుచుండును. నేటికిని సాక్సోఫోను విద్యార్థులకది యొక పరీక్ష. ఆ రికార్డుననే భార్య పేర ‘నైమా’ యను ప్రశాంత రచనయు కలదు. 1960లో అతడు సన్నాయివలె నిటారుగ నుండు సోప్రానో సాక్సోఫోనును చేపట్టెను. భారతీయ సంగీతమును, ముఖ్యముగ పండిత రవిశంకర్ సితారును శ్రద్ధగా విని, స్థిరశ్రుతిపై రాగము నెట్లు పెంచుదురో గ్రహించెను. 1961లో ‘ఇండియా’ యను పేరుతోనే యొక రచన వాయించెను. 1965లో పుట్టిన కుమారునకు రవిశంకర్ పేర రవి యని నామకరణము చేసెను.

అతడు సభలలో ఉపన్యసించిన వాడు కాడు. కాని తన జాతి బాధను మరచినవాడును కాడు. 1963 సెప్టెంబరు 15న, అనగా నీలిబండి రికార్డు జరిగి సరిగా ఆరేండ్లు నిండిన ఆదివారమున, అలబామా రాష్ట్రమున బర్మింగ్‌హాము నగరపు నల్లవారి ప్రార్థనాలయమున దుండగులు బాంబు ప్రేల్చిరి. నలుగురు బాలికలు మరణించిరి. రెండు నెలలు గడచిన పిమ్మట కోల్ట్రేన్ ‘అలబామా’ యను రచనను ధ్వనిముద్రణము చేసెను. అందు మాటలు లేవు. దుఃఖించు మనుష్యుని కంఠము వంటి వాద్యము మాత్రము కలదు.

1964 డిసెంబరు 9న అతడు తన నలుగురి మేళముతో ‘ఎ లవ్ సుప్రీమ్’ అను నాలుగు భాగముల రచనను వాయించెను. పరమప్రేమ యని దాని యర్థము. ఏడేండ్లకు ముందు తన్ను కాపాడిన భగవంతునకు అతడు సమర్పించిన కృతజ్ఞత యది. తుదిభాగమున తాను వ్రాసిన ప్రార్థనాగీతమును నోట పలుకక, అక్షరమువెంట అక్షరముగ సాక్సోఫోనుపై పలికించెను. రామదాసు కీర్తనలను పాడుకొను నేలవారికి, భక్తుడు తన మొరను నాదముగ మార్చి సమర్పించుటయందలి ఆంతర్యము సులభముగ బోధపడును.

అతని జీవితమున లోపములు లేకపోలేదు. నైమాతో కాపురము 1963లో చెదరినది. తరువాత అతడు వాద్యకారిణియగు ఆలిస్‌ను వివాహమాడెను. తుది రెండేండ్లలో అతని సంగీతము తాళమును, శ్రుతిని గూడ అతిక్రమించి, అరుపులవలె తోచుటచే అభిమానులలో పలువురు దూరమైరి. చిరకాల సహచరులును మేళము విడిచిరి. అతడు వెనుదిరుగలేదు. పేరు తెచ్చిన బాణీనే వాయించుచు సుఖముగ బ్రతుకగలిగియు, అన్వేషణమునే ఎన్నుకొనెను. 1966 జూలైలో జపానునకు పోయి, అణుబాంబునకు గురియైన నాగసాకి నగరమున మృతుల స్మారకస్థలమున ప్రార్థించెను. మరుసటి సంవత్సరము 1967 జూలై 17న కాలేయమునకు సోకిన పుట్టకురుపు వ్యాధిచే, నలువదియేండ్లకే మరణించెను.

మరణానంతరము అతని కీర్తి పెరుగుచునే యున్నది. ఫిలడెల్ఫియాలో అతడు వ్యసనమును జయించిన ఆ యిల్లు 1999లో జాతీయ చారిత్రక స్థలముగ ప్రకటింపబడెను. 2007లో పులిట్జర్ సంఘమువారు ప్రత్యేక పురస్కారమును అతని స్మృతికి సమర్పించిరి. 1963లో ముద్రించి మరుగుపడిన అతని వాదన మొకటి 2018లో వెలువడగా లోకము క్రొత్తదానివలె ఆదరించెను. కుమారుడు రవియు సాక్సోఫోను విద్వాంసుడై తండ్రి విద్యను నిలిపెను.

ప్రతిభ గలవారికి వ్యసనము భూషణమని, మత్తులేనిదే కళ రాణింపదని తలచు యువకులు ఏ కాలమునను, ఏ యూరను ఉందురు. కోల్ట్రేన్ చరిత్ర దానికి తగిన సమాధానము. మత్తులో నున్నన్నాళ్లు అతడు పెక్కుమంది వాద్యకారులలో నొకడు. దానిని విడిచిన పిదప మిగిలిన పదియేండ్లలోనే లోకము మరువలేని విద్యనంతయు వెలువరించెను. వాద్యము అదియే, ఊపిరి అదియే, వ్రేళ్లును అవియే. 1957 వసంతమున అతడు మార్చుకొన్నది తన్ను తానే. ఉచిత గ్రంథాలయమున కూర్చుండి చెవియొగ్గి విన్న ఒక పేద యువకుడు ఎంత ఎత్తునకు పోగలడో, నడుమ ఎంత లోతునకు పడియు తిరిగి లేవగలడో అతని జీవితము చాటుచున్నది.